ఉద్ధవుడు వ్రేపల్లెలో ఎన్నాళ్ళున్నాడు?

గత కార్తికమాసంలో ఒకనాటి సాయంకాలం భగవద్గీత ద్వితీయాధ్యాయంపై ఉపన్యాసం ముగించి ఆసనం నుంచి లేస్తూ ఉండగా ఒక యువకుడు వచ్చి నమస్కరించాడు. ఇరవైయైదేళ్ళుంటాయి. జనమంతా ప్రసాదం తీసుకుని వెళ్ళిపోయేవరకు మండప స్తంభం ప్రక్కనే నిలబడి, ఆ తరువాత తల వంచుకుని అడిగాడు: "గురువుగారూ, ఒక మనిషిని మరచిపోవడానికి శాస్త్రంలో మార్గమేదైనా ఉన్నదా?"

విషయం వెంటనే బోధపడింది. నాలుగు సంవత్సరాల అనురాగం. ఆమెకు వేరొకరితో వివాహం జరిగిపోయింది. నిద్ర లేదు, అన్నం సహించదు. ఫోనులో ఉన్న ఛాయాచిత్రాలను తుడిచివేయాలని ప్రతి రాత్రీ అనుకుంటాడు, చేయి రాదు. నేను క్షణమైనా ఆలస్యం చేయలేదు. విషయచింతన వలన సంగం, సంగం వలన కామం, కామం వలన క్రోధం పుట్టే క్రమాన్ని గీతాచార్యుడు చెప్పిన వరుసలోనే అప్పజెప్పాను. దేహసంబంధాలు అనిత్యాలన్నాను. ఏటిలో కొట్టుకువచ్చే రెండు కొయ్యలు కలిసి విడిపోయినట్లే ఈ సమాగమాలన్నాను. అతడు శ్రద్ధగా విని, పాదాలకు నమస్కరించి వెళ్ళిపోయాడు. మెట్లు దిగిపోతున్న అతణ్ణి వెనుకనుంచి చూస్తుంటే, నా ఇరవైయారవ ఏట నేను వ్రాసిన ఒక ఉత్తరం జ్ఞాపకానికి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ పిల్లవాడికి నేను చెప్పిన ప్రతి వాక్యానికీ ప్రమాణం ఉన్నది. అయితే ఆ వాక్యాలను మొట్టమొదట నేను ఎవరిమీద ప్రయోగించానో అతడికి తెలియదు. నా వ్యాసాలను ఇన్నేళ్ళుగా ఆదరిస్తున్న సాధకులకూ తెలియదు. ఇప్పుడైనా చెప్పకపోతే ఇక చెప్పలేననిపించి ఇది వ్రాస్తున్నాను.

1988లో నేను రాజమహేంద్రవరంలో ఒక కళాశాలలో క్రొత్తగా అధ్యాపకునిగా చేరాను. సాయంకాలాలు గౌతమీ గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. ఆమె సంస్కృతంలో ఎం.ఏ. చదువుతున్నది. భవభూతి ఉత్తరరామచరితం తృతీయాంకానికి వ్యాఖ్య వ్రాసుకుంటూ, ఒక సమాసానికి విగ్రహవాక్యం తేలక, ఎదుటి బల్ల దగ్గరున్న నన్ను అడిగింది. నాకూ తెలియలేదు. తెలియదని ఒప్పుకున్నందుకు నవ్వింది. మా పరిచయం అక్కడ ఆరంభమైనది. ఆ తరువాతి మూడు సంవత్సరాలను వర్ణించడం నా ఉద్దేశం కాదు. గోదావరి గట్టున, నలుగురూ తిరిగే చోట, చేతిలో ఏదో ఒక పుస్తకంతోనే నడిచేవాళ్ళం. ఆమె పేరు ఇక్కడ వ్రాయను.

ఇద్దరిదీ భారద్వాజస గోత్రం. మా తండ్రిగారు స్మార్తకర్మలు చేయించే పురోహితులు. సగోత్ర వివాహమనే మాట ఆయన చెవిని పడగానే భోజనం మాని లేచిపోయారు. ఆయనను నేను నిందించను. తాను నమ్మిన ధర్మశాస్త్రాన్ని ఆయన ప్రాణసమంగా పాటించారు. 1946 నాటి చట్టం సగోత్ర వివాహాలను అనుమతించినదని ఆమె తండ్రిగారు చూపించారు. అంతేకాదు, అటువంటి సందర్భాలలో కన్యను వేరొక గోత్రీకులకు దత్తత ఇచ్చి వివాహం జరిపించే ఆచారం కొన్ని కుటుంబాల్లో ఉన్నదని కూడా ఆయనే చెప్పించారు. ఆడపిల్ల తండ్రి అంత దూరం వచ్చాడు. నేను మాత్రం ఉన్నచోటనుంచి కదలలేదు.

1991 పుష్కరాల రోజులలో ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. "నాన్నగారి మనస్సు మెత్తబడింది. మీరు ఒక్కసారి వచ్చి ఆయనతో మాట్లాడండి" అన్నది సారాంశం. నేను నాలుగు పుటల సమాధానం వ్రాశాను. అందులో అనిత్యత్వం ఉన్నది, ఋణానుబంధం ఉన్నది, నిష్కామకర్మ ఉన్నది, ఆత్మకు సంయోగవియోగాలు లేవన్న సిద్ధాంతం ఉన్నది. వెళతాననో వెళ్ళననో మాత్రం లేదు. వ్రాసి, చదువుకుని, నా భాషకు నేనే ముగ్ధుణ్ణయినట్లు జ్ఞాపకం.

వారం తరువాత ఒక కార్డు వచ్చింది. రెండే వాక్యాలు.

"మీరు వ్రాసినది శాస్త్రం. నేను అడిగినది మిమ్మల్ని."

తరువాతి మాఘమాసంలో ఆమెకు వివాహమైనది.

నా దుఃఖాన్ని గురించి కూడా చెప్పాలి. పిరికితనం చేసినవాడికి దుఃఖముండదని కొందరు తలుస్తారు. అది నిజం కాదు. గ్రంథాలయంలో ఆమె కూర్చునే కుర్చీలో ఎవరైనా కూర్చుంటే చదవలేక లేచి వచ్చేసేవాణ్ణి. ఆమె 'ళ'కారాన్ని చివర చిన్న మెలి పెట్టి వ్రాసేది. విద్యార్థుల జవాబుపత్రాలు దిద్దుతున్నప్పుడు ఏ ఆడపిల్ల దస్తూరిలోనైనా అటువంటి 'ళ' కనిపిస్తే ఆ కాగితం ప్రక్కన పెట్టి, లేచి వెళ్ళి మంచినీళ్ళు త్రాగి వచ్చేవాణ్ణి. కోటిలింగాల రేవులో సంధ్యావందనానికి కూర్చుంటే గాయత్రి పదింటికి మించి సాగేది కాదు. తెల్లవారుజామున మెలకువ వచ్చిన మొదటి క్షణంలో ఏమీ జ్ఞాపకముండదు. రెండవ క్షణంలో అంతా వచ్చి మీద పడుతుంది. ఆ రెండు క్షణాల నడిమి సందు ఎంత హాయిగా ఉండేదో అనుభవించినవారికి చెప్పనవసరం లేదు.

ఇదంతా ఎవరికీ తెలియనివ్వలేదు. వివాహం వద్దన్నాను. కాషాయం ధరించలేదు గాని, ఒంటిపూట భోజనం, నేలపడక, ప్రాతఃకాల గీతాపారాయణం ఆరంభించాను. బంధువులు మొదట మందలించారు, తరువాత గౌరవించారు. "వాడు పుట్టుకతోనే విరాగి" అని మా మేనత్త నలుగురిలో చెప్పేది. ఉపన్యాసాలకు పిలుపులు వచ్చాయి. సభలో నన్ను పరిచయం చేసే పెద్దలు వైరాగ్యమూర్తి అనే విశేషణం వాడేవారు. నేను వినయంగా తల వంచుకునేవాణ్ణి. ఆ తల వంచుకోవడంలో ఉన్న అబద్ధం నాకు తెలుసు.

మన పెద్దలు పురాణవైరాగ్యం, ప్రసూతివైరాగ్యం, శ్మశానవైరాగ్యం అని మూడు తాత్కాలిక వైరాగ్యాలను పరిహాసంగా లెక్కపెట్టారు. పురాణం విన్న రాత్రి, ప్రసవవేదన నాడు, చితి ఆరేవరకు ఉండి పోయేవి అవి. అవి త్వరగా పోతాయి కనుక ప్రమాదం లేదు. నాది పోలేదు. ఇరవై సంవత్సరాలు నిలిచి, నిజమైనదాని వేషం వేసుకుంది. వివేకచూడామణిలో శంకర భగవత్పాదులు పైపై వైరాగ్యంతో సంసారసముద్రాన్ని దాటబోయేవాణ్ణి ఆశ అనే మొసలి నడిమధ్యలో గొంతు పట్టి ముంచివేస్తుందన్నారు. ఆ శ్లోకానికి అనేక సభలలో వ్యాఖ్య చెప్పాను. మొసలి పళ్ళు నా గొంతుమీదే ఉన్నాయని మాత్రం చెప్పలేదు.

గీత పదునెనిమిదవ అధ్యాయంలో త్యాగం మూడు విధాలని ఉన్నది. చేయవలసిన కర్మను మోహంచేత విడిచేది తామసం. ఇది దుఃఖకరం, దీనివల్ల శరీరానికి క్లేశం కలుగుతుందన్న భయంచేత విడిచేది రాజసం. అటువంటివాడికి త్యాగఫలం లభించదని భగవానుడు స్పష్టంగా చెప్పాడు. నేను ద్వితీయాధ్యాయంతో ఉత్తరం వ్రాసినవాణ్ణి. పదునెనిమిదవ అధ్యాయం వరకు చదివి ఉంటే ఆ ఉత్తరం పోస్టు చేసేవాణ్ణి కాదు. తండ్రి కోపానికి భయపడుతున్నానని వ్రాసి ఉంటే అది సత్యమయ్యేది. సగోత్రం కనుక ధర్మం ఒప్పుకోదని వ్రాసినా, నేను అంతవరకే ఆలోచించి ఉంటే, అదీ సత్యమే అయ్యేది. ఆమె రెండింటినీ భరించగలిగేది. నేను వ్రాసినది వేరు. నా భయానికి ఆత్మతత్త్వమని పేరు పెట్టి ఆమె చేతికిచ్చాను.

ఆ రోజులలో నాకు అత్యంత ప్రియమైనది శ్రీమద్భాగవతం ఏకాదశస్కంధంలోని ఇరవైయారవ అధ్యాయం, ఐలగీత. పురూరవుడి కథ చాల ప్రాచీనమైనది. ఋగ్వేదం దశమమండలంలో తొంబదియైదవ సూక్తం పదునెనిమిది మంత్రాలలో పురూరవ ఊర్వశుల సంవాదమే. విడిచివెళ్ళే ఊర్వశిని అతడు నిలవమని వేడుకుంటాడు. కాళిదాసు విక్రమోర్వశీయంలో అతడు ఉన్మత్తుడై అడవిలో ఎదురైన ప్రాణినల్లా ఆమె జాడ అడుగుతూ తిరుగుతాడు. భాగవతంలో ఆ చక్రవర్తే తన పూర్వావస్థను తలచుకుని సిగ్గుపడతాడు. వస్త్రం లేకుండా, ఏడుస్తూ, ఒక స్త్రీ వెంట పరుగెత్తానే అని తన్ను తాను నిందించుకుంటాడు. దేహాన్ని గురించి కఠినమైన మాటలున్నాయి. నాకు కావలసినవి అవే. వాటిని పదే పదే చదివి, ఆమె మీద ఉన్న మమకారాన్ని జుగుప్సతో చంపాలని చూశాను.

అయితే ఆ అధ్యాయంలో వేరొక మాట ఉన్నది. నేను ప్రతిసారీ దాటిపోయినది. ఊర్వశి తనకు హితవు చెప్పిందనీ, అయినా తన మనోమోహం తొలగలేదనీ పురూరవుడే ఒప్పుకుంటాడు. ఆపైన, ఆమె నాకు చేసిన అపకారమేమిటని ప్రశ్నించుకుంటాడు. త్రాటిని చూసి పాము అనుకున్నవాడికి త్రాడు చేసిన అపరాధమేమున్నది? చూపు తనది, భయం తనది. వేదాంతంలో రజ్జుసర్పన్యాయం వినని సాధకుడుండడు. జగన్మిథ్యాత్వానికి దృష్టాంతంగా దానిని వేయిసార్లు చెప్పుకుంటాం. త్రాడును నిర్దోషిగా విడిచిపెట్టడానికి కూడా అది పనికివస్తుందని నేను చాలకాలం దాకా గమనించలేదు. ఆమెను నేను ఎన్ని సంవత్సరాలు బంధమని, మాయ అని, అంతరాయమని పిలిచానో! ఆమె చేసినదల్లా ఒక్కసారి వచ్చి మాట్లాడమనడమే.

దీనిని నేను స్వయంగా గ్రహించానని చెప్పుకుంటే మళ్ళీ అబద్ధమవుతుంది. 2003 పుష్కరాలు గడిచిన శీతకాలంలో, మాకు భాగవతపాఠం చెప్పే గురువుగారి దగ్గర దశమస్కంధం నలభైయేడవ అధ్యాయం జరుగుతున్నది. శ్రీకృష్ణుడు మథుర నుంచి ఉద్ధవుణ్ణి వ్రేపల్లెకు పంపుతాడు. ఉద్ధవుడు బృహస్పతి శిష్యుడు, వృష్ణులలో ఉత్తమ మంత్రి. గోపికలు అతణ్ణి చుట్టుకుంటారు. ఒక గోపిక అటుగా వచ్చిన తుమ్మెదను చూసి, కృష్ణుడి దూతగా భావించి, దెప్పుతూ, వలపోస్తూ మాట్లాడుతుంది. ఉద్ధవుడు స్వామి సందేశం వినిపిస్తాడు. నేను సర్వాత్మను, నాతో మీకు ఏనాడూ వియోగం లేదన్నది దాని సారం.

పాఠం మధ్యలో గురువుగారు నావైపు తిరిగి అడిగారు. "ఏమయ్యా, ఉద్ధవుడు వ్రేపల్లెలో ఎన్నాళ్ళున్నాడు?"

"సందేశం చెప్పి మరునాడు బయలుదేరాడండీ" అన్నాను.

"చదువు."

చదివాను. కొన్ని మాసాలున్నాడని ఉన్నది. గోపికల శోకాన్ని తొలగిస్తూ, కృష్ణలీలలు గానం చేస్తూ, నదిని, వనాన్ని, కొండను, పూచిన చెట్లను చూస్తూ, వాటితోబాటు వ్రజవాసులకు కృష్ణుణ్ణి జ్ఞాపకం చేస్తూ గడిపాడని ఉన్నది. ఎన్నో ఆవృత్తులు పారాయణ చేసిన శ్లోకాలే అవి.

"సందేశం చెప్పడానికి ఒక ఘడియ చాలు నాయనా. మిగతా నెలలెందుకు?" అన్నారు గురువుగారు. నేను మాట్లాడలేదు. ఆయనే మళ్ళీ అన్నారు. "పక్కన కూర్చున్నాడయ్యా. అందుకని ఆ మాట వాళ్ళకి చల్లగా తగిలింది. కూర్చోకుండా చెప్తే అదే మాట కర్రపెట్టి కొట్టినట్టుంటుంది."

ఆయనకు నా కథ తెలుసునా అని చాలకాలం ఆలోచించాను. తెలియదనే నా విశ్వాసం. గురువుల మాట ఒక్కొక్కప్పుడు అట్లా తగులుతుంది.

ఆ సందేశం గోపికల విరహజ్వరాన్ని ఉపశమింపజేసిందనే వ్యాసులవారు చెప్పారు. జ్ఞానాన్ని తక్కువచేసి భక్తిని ఎక్కువచేయడానికి ఈ ఘట్టాన్ని వాడుకునే వ్యాఖ్యాతలు ఆ మాటను దాచిపెడతారు. అది న్యాయం కాదు. అయితే ఆ జ్ఞానం చెప్పినది ఎవరు? వారు ఎవరికోసం ఏడుస్తున్నారో ఆయనే చెప్పి పంపాడు. దూరంగా ఉండడమెందుకో కూడా చెప్పాడు. ప్రియుడు కంటి ఎదుట ఉన్నప్పటికంటె దూరాన ఉన్నప్పుడు మనస్సు అతనిలో ఎక్కువగా లగ్నమవుతుంది, మీ ధ్యానం కోసమే ఈ దూరం అన్నాడు. అంటే ఆ సందేశం వారి తపనను అవమానించలేదు. దానికి స్థానమిచ్చింది. చివరకు ఉద్ధవుడే ఆ గోపికల పాదధూళి తగిలేటట్లు బృందావనంలో ఒక పొదగానో, తీగగానో, ఓషధిగానో పుడితే చాలునని కోరుకున్నాడు. ఓదార్చడానికి వచ్చిన మంత్రి కోరిక అది. నేను నా నాలుగు పుటలతో ఎవరి పాదధూళినీ కోరలేదు.

ఇక్కడ ఒక అపార్థానికి అవకాశమున్నది. లౌకికప్రేమలో భంగపడిన ప్రతివాడూ తనను గోపికతో పోల్చుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ మధ్య అది మరీ ఎక్కువైనది. నారదమహర్షి భక్తిసూత్రాలలో వ్రజగోపికలను పరమప్రేమకు దృష్టాంతంగా చూపిన వెంటనే, మాహాత్మ్యజ్ఞానం లేకపోతే అది జారప్రేమ వంటిదవుతుందని హెచ్చరించాడు. అయినప్పటికీ ఆయనే ఏకాదశాసక్తులను పరిగణిస్తూ చిట్టచివర నిలిపినది పరమవిరహాసక్తిని. తాళ్ళపాక అన్నమాచార్యులవారి సంకీర్తనలలో అధ్యాత్మ సంకీర్తనల కంటె శృంగార సంకీర్తనలే ఎక్కువ. అందులో ఎందరో నాయికలు స్వామికోసం ఎదురుచూస్తూ, అలుగుతూ, కన్నీరు పెడుతూ ఉంటారు. మానవహృదయంలో ఎదురుచూపు అనేదే లేకపోతే ఆ మహానుభావుడు దేనిని తీసుకువెళ్ళి స్వామి పాదాలవద్ద పెట్టేవాడు? ఎండబెట్టిన కట్టెవంటి మనస్సు నాకుండేది. దానిని సాధన అనుకున్నాను. అందులో భక్తి మొలకెత్తడానికి తడి లేదు. ఇంద్రియాలకు ఆహారం మానిపిస్తే విషయాలు తొలగిపోతాయి గాని రుచి పోదనీ, పరమాత్మ దర్శనంతోనే ఆ రుచి కూడా పోతుందనీ గీత చెప్పింది. నేను ఉపవాసం చేసి, రుచి లేదని ప్రకటించుకున్నవాణ్ణి.

ఆ పాఠం తరువాత ఆమెకు క్షమాపణ వ్రాయాలనుకున్నాను. ఎక్కడున్నదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఇల్లూ పిల్లలూ ఉన్న మనిషికి పాత మనిషి ఉత్తరం ఎందుకని ఒకసారి, వ్రాయకపోవడమే వివేకమని మరొకసారి నాకు నేను చెప్పుకున్నాను. ఇందులో ఎంత వివేకమో, ఎంత పాత భయమో ఈనాటికీ తేల్చలేను. 2014 శ్రావణంలో ఆమె సహాధ్యాయిని ఒకావిడ ఒక పెళ్ళిలో కనిపించి, ఆమె మూడు నెలల క్రితం పోయిందని మాటల మధ్యలో చెప్పింది. అప్పుడు మా చుట్టూ భోజనాలు వడ్డిస్తున్నారు.

ఇంటికి వచ్చి ఇనుపపెట్టె తీశాను. ఉత్తరరామచరితం తృతీయాంకానికి ఆమె వ్రాసుకున్న వ్యాఖ్య నా దగ్గరే ఉండిపోయింది. ఛాయాంకమని ప్రసిద్ధమైన ఆ అంకం మన గోదావరి తీరంలోనే, పంచవటిలో జరుగుతుంది. సీతను పరిత్యజించిన రాముడు పన్నెండేళ్ళ తరువాత అక్కడికి వస్తాడు. పాతచోట్లు చూసి ఆయన మూర్ఛపోవచ్చునని భయపడి లోపాముద్ర మురళానదిచేత గోదావరికి కబురు పంపుతుంది, తుంపరలతో నిండిన చల్లని గాలి వీచి రాముణ్ణి కాపాడమని. సీత అక్కడే ఉన్నది. ఎవరికీ కనపడదు. వనదేవత వాసంతి రాముణ్ణి ముఖం మీదనే నిష్ఠురమాడుతుంది. ఆయన మూర్ఛిల్లితే సీత చేతిస్పర్శ ఆయనను తేర్చుతుంది. ఇన్నేళ్ళూ విరహమంటే విడువబడినవారిదే అని నాకొక భావన ఉండేది. విడిచినవాడి విరహాన్ని భవభూతి ఒక అంకమంతా వ్రాశాడు.

ఆమె నోటుపుస్తకంలో ఆ ఘట్టం ప్రక్కన అంచున పెన్సిలుతో ఒక వాక్యం ఉన్నది. 1989లో వ్రాసినది, అంటే నా ఉత్తరానికి రెండేళ్ళ ముందు. "రాముడు ఇక్కడ ఏడుస్తాడు. తత్త్వం చెప్పడు." 'ళ' లేని వాక్యమది. అయినా ఆ దస్తూరిని చూసి నేను ఇరవైమూడు సంవత్సరాల తరువాత మొదటిసారి పెద్దగా ఏడ్చాను. ప్రక్కింటివారు తలుపు తట్టారు.

అప్పటినుంచి నా తపన స్వరూపం మారింది. అంతవరకు నేను పోగొట్టుకున్నదానిని గురించే ఏడ్చేవాణ్ణి. యుద్ధకాండలో సముద్రతీరాన కూర్చున్న శ్రీరాముడు లక్ష్మణునితో తన శోకం చెప్పుకుంటాడు. ప్రియురాలు దూరమైనందుకో, అపహరింపబడినందుకో కాదు, ఆమె వయస్సు అక్కడ గడిచిపోతున్నదన్నదే తన బాధ అంటాడు. ఆ మాట చదివినప్పుడు, ఆ కార్డు వ్రాసిన చేయి ఆ రోజు ఎట్లా ఉండి ఉంటుందో నేను ఏనాడూ ఊహించలేదని తోచింది. పుష్కరాల సందడిలో ఆమె పోస్టుమాను కోసం ఎన్ని రోజులు గడపలో నిలబడిందో! నాలుగు పుటలు చూసి, బరువైన కవరని మొదట సంతోషించిందేమో!

2015 జూలైలో మళ్ళీ పుష్కరాలు వచ్చాయి. కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి వెళ్ళాను. తండ్రిగారికి, తల్లిగారికి, పితామహాదులకు పిండప్రదానం, తర్పణం అయినవి. తీర్థపురోహితుడు యువకుడు, ఉదయం నుంచి నీళ్ళలో నిలబడి అలసి ఉన్నాడు. కారుణ్యపితరుల దగ్గరకు వచ్చాక అలవాటుగా అడిగాడు. "ఇంకెవరైనా ఉన్నారాండీ? గురువులు, స్నేహితులు?"

అప్పటికి గురువుగారు కూడా లేరు. ఆయన పేరు, గోత్రం చెప్పి తిలోదకం విడిచాను. తరువాత ఆమె పేరు చెప్పాను.

"మీకు ఏమవుతారు?"

"స్నేహితురాలు."

అతడు తల ఎత్తలేదు. "సఖి. గోత్రం?"

నోటి చివరకు భారద్వాజస అని వచ్చింది. ఏ గోత్రం ఒకటే అయినందుకు మేము విడిపోయామో ఆ గోత్రం. వివాహంతో అది ఆమెది కాకుండా పోయింది. ఆమె జీవితంలో అధికభాగం ఏ గోత్రంతో సంకల్పం చెప్పుకున్నదో, ఏ గోత్రంతో నోములు నోచుకున్నదో, ఏ గోత్రంతో చితికి చేరిందో నేను తెలుసుకోలేదు. నీళ్ళలో నిలబడి ఉన్నాను. వెనుక వరుసవారు తొందరపడుతున్నారు.

"తెలియకపోతే కాశ్యపస అనండి, ఫరవాలేదు" అన్నాడు పురోహితుడు.

అన్నాను.

మొన్న ఆ యువకుణ్ణి వెదికి పిలిపించాను. నేను చెప్పినది వెనక్కు తీసుకుంటున్నానని అంటే అతడు తికమకపడ్డాడు. "ఫోటోలు తీసేయమంటారా వద్దంటారా గురువుగారూ?" అన్నాడు. ఆమెకు ఇప్పుడు వేరే ఇల్లున్నది, ఆమె నెమ్మదికి భంగం కలిగే పని ఏదీ చేయవద్దన్నాను. ఉత్తరం గాని, ఫోను గాని వద్దు. ఫోటోల సంగతి తొందర లేదు, ఏడుపు వస్తే ఏడవమన్నాను. రాత్రి అన్నం మానవద్దన్నాను. మరచిపోయే మార్గం నాకు తెలియదని కూడా చెప్పాను. అది చెప్పినప్పుడు అతని ముఖంలో నిరాశ కనపడలేదు. కొంత తేలికపడ్డట్టే కనిపించింది.

ప్రతి సాయంకాలం ఆరు గంటలకు వస్తున్నాడు. ఒక్కొక్కనాడు ఏమీ మాట్లాడడు. దశమస్కంధం మొదటినుంచి చదువుకుంటున్నాం, రోజుకు ఇరవై శ్లోకాల చొప్పున. నిన్న కాళియమర్దనం పూర్తి అయినది. ఉద్ధవుడు రావడానికి ఇంకా చాల రోజులు పడుతుంది.